వెయ్యి మీటర్ల రాయి

అక్టోబర్ 9, 2012, మంగళవారం

వచ్చి పడ్డాను. గది నంబరు 214. మంచం మీద దుప్పటి మూల ఒకటి లోపలికి మడిచారు, ఒకటి బయటికి వేలాడుతోంది. విప్పి మళ్ళీ వేశాను. ముప్పై ఎనిమిదేళ్ళు ఆసుపత్రి లాండ్రీలో పనిచేసిన చేతులు, ఊరుకోమంటే ఊరుకుంటాయా.

నేను రిటైరయ్యానని లాండ్రీ వాళ్ళంతా కలిసి ఇచ్చిన బహుమతి ఇది. అయిదు రాత్రులు, అన్ని పూటలా భోజనం, వేడినీళ్ళ కొలను, ఒక మర్దనా. వాళ్ళలో గెర్లిండే ఏదో పత్రికలో ఫోటో చూసి ఈ హోటల్‌ని ఎంచిందట. కవరు విప్పి పేరు చదివాక నా మొహంలో రంగు పోయింది. ఆనందం పట్టలేకపోతోందనుకుని చప్పట్లు కొట్టారు పాపం.

మా ఆయన రూపెర్ట్ రానన్నాడు. స్నానాల దగ్గర వేసుకునే తెల్ల గౌను తొడుక్కుని మొగాళ్ళ మధ్య తిరగడం తన ఒంటికి పడదట. తోటలో బంగాళాదుంపలు తవ్వుకుంటానన్నాడు. మంచిదే. పెళ్ళయి ముప్పై ఆరేళ్ళైనా, కొండల్లో ఎక్కడో మూడేళ్ళు పనిచేశానని తప్ప ఆయనకేమీ తెలియదు. ఇక్కడే అని తెలియదు. పదిహేడేళ్ళ పిల్లగా ఈ ఇంట్లో గదులు ఊడ్చి, మంచాలు వేసి, పందులకి కుడితి పోశానని తెలియదు.

అప్పుడు ఇది క్వెల్నర్ వాళ్ళ విడిది. పద్నాలుగు గదులు, అంతస్తుకో స్నానాల గది. ఇప్పుడు అయిదంతస్తులు, అంతా గాజు. వేడినీళ్ళ కొలను ఉన్నచోట క్యాబేజీ మడి ఉండేది. ఆవిరి గది సరిగ్గా పందుల కొట్టం ఉన్నచోట కట్టారు. లోపల ఎవరో డాక్టరుగారు చెమటలు కక్కుతూ కూర్చుంటే నాకు నవ్వాగలేదు.

భోజనాల దగ్గర ఫెరెన్స్ అనే హంగేరీ ఆయన, మీసాలాయన, నన్ను కిటికీ పక్క చిన్న బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆదివారం దాకా ఈ బల్ల మీదేనండీ, ఇంకెవరూ కూర్చోరు అన్నాడు. బల్ల మీద గుడ్డ సంచి, మీద 214 అని కుట్టారు. అందులో నా నేప్కిన్. మేమున్నప్పుడూ ఇంతే. కాకపోతే అంకెలు కాదు, ప్రతి అతిథి పేరూ ఎర్రదారంతో నేనూ, నాతో పనిచేసే మేనా కుట్టేవాళ్ళం. ఒకసారి అతిథిగా వచ్చిన ఒక పంతులమ్మ పేరులో ఒక అక్షరం మింగేస్తే ఆవిడ పేరు కాస్తా మేక అయి కూర్చుంది. రెండు వారాలూ ఆవిడ అదే సంచి వాడుకుంది, కళ్ళజోడు లేక చూసుకోనేలేదు.

మెనూ కాగితం మీద హోటల్ పేరు కింద చిన్న అక్షరాలతో: సముద్రమట్టానికి 987 మీటర్లు.

వెయ్యికి పదమూడు తక్కువ.

మేనా ఇక్కడ ఉందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. నేను నీళ్ళ కోసం వచ్చాను. మోకాళ్ళకి మంచిదంటారు.


అక్టోబర్ 10, బుధవారం

పొద్దున్న టిఫిన్ బల్ల చూస్తే ఊరి పెళ్ళి గుర్తొచ్చింది. పదకొండు రకాల రొట్టెలు, నేను లెక్కపెట్టాను. తిన్నాక ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి వంటింటి తలుపు దాకా మోసుకెళ్ళాను. ఫెరెన్స్ పరిగెత్తుకొచ్చి చేతిలోంచి లాక్కున్నాడు. మేడమ్, మీరు ఇలా చేస్తే నా ఉద్యోగం పోతుందండీ అన్నాడు. పక్క బల్ల దంపతులు నన్ను వింతగా చూశారు. చూడనీ.

మధ్యాహ్నం లిఫ్ట్‌లో అయిదో అంతస్తుకి వెళ్ళాను. అక్కడ విశ్రాంతి గది అని ఒకటి ఉంది, చుట్టూ గాజు, పడుకోవడానికి వాలు కుర్చీలు. తెల్ల గౌనులో ఒక పెద్ద బొజ్జాయన పక్క కుర్చీలోంచి, "నువ్వు ఏ ఊరు నుంచి?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ముక్కూమొహం తెలియని ఆడమనిషిని నువ్వంటాడా అని చూస్తే, నవ్వుతూ గోడ మీద ఇత్తడి పలక చూపించాడు. 1003 మీటర్లు. వెయ్యి దాటాం కదా, ఇక్కడ మీరు గీరు లేదు అన్నాడు.

తలుపు తీసుకుని కిందకొచ్చేశాను. గదిలో కూర్చుని బయటికి చూశాను. లార్చ్ చెట్లు పచ్చబడిపోయాయి, పసుపు ఆరబోసినట్టు.

ఆ రాయి ఇంకా అక్కడే ఉండి ఉంటుంది. ఇంటి వెనక దారి పట్టుకుని అయిదు నిమిషాలు ఎక్కితే, వాగు దాటాక, నడుం ఎత్తు రాయి, మీద 1000 అని చెక్కారు. కొండ మీద వెయ్యి దాటితే అందరూ నువ్వే అన్న మాట ఈ లోయలో పుట్టినవాళ్ళు పాలతో తాగుతారు. రాయికి కింద ఆల్బిన్ చిన్నయ్యగారు. యజమాని కొడుకు. అయ్యా మీకు బూట్లు తుడవనా అనేవాళ్ళం. గడ్డి కోసే వాళ్ళకి అన్నం మోసుకుని ముగ్గురం పైకెళ్తే, రాయి దాటగానే మేనా బుట్ట కింద పెట్టి, "ఒరేయ్ ఆల్బిన్, ఇప్పటిదాకా చేతులూపుకుంటూ వచ్చావు, ఇహ మొయ్యి" అనేది. వాడు మోసేవాడు. దిగేటప్పుడు రాయి దగ్గర మళ్ళీ బుట్ట మా చేతికొచ్చేది, మాటల్లో మర్యాదలొచ్చేవి. రోజూ ఇదే ఆట. రోజూ కడుపుబ్బ నవ్వేవాళ్ళం.

నేనేదో ఆల్బిన్ కోసం బెంగ పెట్టుకున్నానని ఎవరూ అనుకోకూడదు. (ఎవరు చదువుతారని రాస్తున్నానో.) ఆల్బిన్ మంచివాడే, కాని వాడి చెవులు చూస్తే నాకు నవ్వు తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. మేనా అయితే నేప్కిన్‌ని ఒక రకంగా మడిచి, రెండు కొసలు పైకి లాగి, "ఆల్బిన్ చెవులు" అని పేరు పెట్టింది. పెద్దమ్మగారు, అంటే ఆల్బిన్ వాళ్ళమ్మ, లేనప్పుడు భోజనాల గదిలో బల్లలన్నిటి మీదా ఆల్బిన్ చెవులే.

రాత్రి భోజనం అయిదు రకాలు. రొట్టె ఉండల సూపు బాగుంది కాని మేనా చేసినంత కాదు. తిని లేచేసరికి బల్ల మీద నేప్కిన్ రెండు చెవులు నిక్కబొడుచుకుని నిలబడి ఉంది. నేను కావాలని చెయ్యలేదు. చేతులు చేశాయి.


అక్టోబర్ 11, గురువారం

పొద్దున్న గది తలుపు కింద నుంచి పెట్టే కాగితంలో రాశారు: ఈ సాయంత్రం ఆరింటికి యజమాని కుటుంబం అతిథులను పలకరిస్తుంది.

తలనొప్పిగా ఉంది. వెళ్ళను.

~

వెళ్ళాను. వెళ్ళకపోతే భోజనానికి పిలవరేమోనని.

ముందు వాళ్ళ అబ్బాయి మాట్లాడాడు. లోరెన్స్ అట, ముప్పై అయిదు ఉంటాయేమో. చెవులు చూడగానే ఎవరి కొడుకో అడగక్కర్లేదు. తండ్రి ఏడేళ్ళ కిందట పోయారని, ఈ హోటల్ ఆయన కల అని చెప్పాడు. గోడ మీద ఆల్బిన్ ఫోటో ఉంది, తెల్ల జుట్టుతో. ఆ ముసలాయన నాకు తెలియదు. నాకు తెలిసినవాడు బుట్ట మోసేవాడు.

తరువాత మేనా వచ్చింది.

చేతికర్ర. నడిచేటప్పుడు కుడివైపుకి ఒరుగుతోంది. ముదురాకుపచ్చ లంగా, వెండి గుండీల జాకెట్టు, మెడలో అత్తగారి గొలుసు. పెద్దమ్మగారి గొలుసు అది, నేను వెయ్యిసార్లు మెరుగుపెట్టాను, ఎక్కడున్నా గుర్తుపడతాను. ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగి చెయ్యి కలుపుతూ వస్తోంది. నా గ్లాసు కింద పెట్టేశాను.

"స్వాగతం అండీ, హాస్లింగర్ గారూ. గది సౌకర్యంగా ఉందా అండీ?"

"చాలా బాగుందండీ" అన్నాను.

అంతే. చెయ్యి కొంచెం ఎక్కువసేపే పట్టుకుంది. తుంటి నొప్పి ఉన్నవాళ్ళు ఎవరైనా అంతే, ఆసరాకి పట్టుకుంటారు. తరువాత పక్క బల్లకి వెళ్ళిపోయింది.

గుర్తుపట్టలేదు. మంచిదే అయింది. నలభై ఏళ్ళు, ముప్పై కిలోలు, వేరే ఇంటిపేరు. ఎలా గుర్తుపడుతుంది. మంచిదే అయింది.

అన్నం సహించలేదు. కాదు, అబద్ధం ఎందుకు, నాలుగు రకాలు తిన్నాను. అయిదోది వద్దన్నాను.

మంచిదే అయింది.


అక్టోబర్ 12, శుక్రవారం

మర్దనా చేసే ఆవిడ నా భుజాలు పట్టుకుని, ఏమ్మా ఇక్కడ ఏం దాచుకున్నారు, రాళ్ళా అంది. ఇస్త్రీ అన్నాను.

పైకప్పు కింద గది ఒకటి మాకు. మంచం ఒకటే, అద్దం ఒకటే, కిటికీ ఒకటే. చలికాలం ఇటుక వేడి చేసి గుడ్డలో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకునేవాళ్ళం, ఇటుక నీ వైపా నా వైపా అని తన్నుకునేవాళ్ళం. మేనా నా కంటే రెండేళ్ళు పెద్ద. వాళ్ళమ్మ పోయిన కబురు వచ్చిన రాత్రి తను ఏడవలేదు, గోడవైపు తిరిగి పడుకుని నా జడ చేత్తో పట్టుకుంది. పొద్దున్నదాకా వదల్లేదు. మెడ పట్టేసింది నాకు. కదలకుండా పడుకున్నాను. నా జీవితంలో ఎవరూ నన్ను అంత గట్టిగా పట్టుకోలేదు. రూపెర్ట్ కూడా. రూపెర్ట్ మంచివాడు.

72 మే నెలలో మేనా ఆల్బిన్‌ని పెళ్ళి చేసుకుంది. పెద్దమ్మగారు మూడు నెలలు తలుపులు ధడేలుమని వేసి, చివరికి ఒప్పుకుంది. పెళ్ళిలో అందరికంటే ఎక్కువ చిందులేసింది నేనే. కాలి గోరు ఊడింది.

జూన్ ఒకటి. సీజను మొదటి రోజు. పెద్దమ్మగారు పనివాళ్ళందరినీ వంటింట్లో నిలబెట్టింది. మేనా ఆవిడ పక్కన నిలబడింది, మా పక్కన కాదు. "ఇవాళ్టి నుంచి ఈవిడ చిన్నమ్మగారు. అందరూ మీరు అనాలి. అర్థమైందా, బుర్గీ?" అంది. పదకొండుమంది ఉన్నాం, నా పేరే పట్టుకుంది.

నేను మేనా వైపు చూశాను. ఒక్క మాట అంటుందని చూశాను. అది నా బుర్గీ, దానికి ఈ నియమం లేదు అంటుందని. తను బల్ల మీద చెంచాలు చూస్తోంది.

చిత్తం, చిన్నమ్మగారూ అన్నాను. సెప్టెంబరు ఆఖర్న పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాను. అంతే కథ. అందులో నా తప్పు ఎక్కడుందో ఎవరైనా చూపించమనండి.

ఈ రాత్రి కూడా నేప్కిన్ చెవులు చేసింది. అలవాటు, ఏం చేస్తాం. ఫెరెన్స్ దాన్ని విప్పకుండా రెండు చేతుల్తో పట్టుకుని పళ్ళెంలో పెట్టుకుని తీసుకెళ్ళాడు. కోడిగుడ్డు అనుకున్నాడేమో.


అక్టోబర్ 13, శనివారం

వాన. కొండ కనిపించడం లేదు. కొలనులో ఎవరూ లేరు, నీళ్ళ మీద ఆవిరి, ఆవిరి మీద వాన.

నిన్న రాసింది సగమే.

మిగతాది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ కూడా రాయకూడదనుకున్నాను. కాని ఈ వానని చూస్తూ కూర్చుంటే ఇంకేమీ తోచడం లేదు.

జూన్ ఒకటి సాయంత్రమే మేనా దుప్పట్ల గదిలోకి వచ్చింది. తలుపు వేసింది. "ఏమే బుర్గీ, ఇక్కడెవరూ లేరు కదే. నా మీద కోపం తెచ్చుకోకే" అంది. తన చేతులు నా చేతుల మీద వేసింది. నేను చేతులు లాక్కుని, "దుప్పట్లు ఏ అరలో పెట్టమంటారు, చిన్నమ్మగారూ?" అన్నాను.

అది కోపంతో అన్నమాట కాదు. తియ్యగా అన్నాను. తియ్యగా అంటే ఎంత లోతుగా దిగుతుందో తెలిసే అన్నాను. మేనా మొహం ఎలా అయిపోయిందో చూశాను, ఆ చూడ్డం నాకు బాగుంది. దేవుడా, బాగుంది.

తరువాత రోజూ అంతే. మెట్ల మీద ఎదురైతే, తమరు దయచెయ్యండి. మా పాత గదికి వచ్చి తలుపు కొడితే, చిన్నమ్మగారు పనివాళ్ళ గదికి రాకూడదండీ. జూన్, జులై, ఆగస్టు. తను చిక్కిపోయింది. కడుపుతో ఉందని తరువాత ఎవరో చెప్పారు. పెద్దమ్మగారు నాకు నేర్పిన ఒక్క మాటని తీసుకుని దాంతో మూడు నెలలు మేనాని కొట్టాను.

ఆగస్టు చివర్లో నా భోజనం సంచిలో కాగితం ముక్క దొరికింది. పనివాళ్ళకీ గుడ్డ సంచులుండేవి, ముతకవి. మేనా చేతిరాత, పడిపోతున్నట్టు ఎడమకి ఒరిగిపోయేది. ఆదివారం రెండు గంటలకి, రాయి దగ్గర.

రాయి దగ్గర. అక్కడైతే పెద్దమ్మగారి మాట చెల్లదు. అక్కడ ఎవరైనా నువ్వే.

ఆ ఆదివారం నాకు సెలవు. రెండింటికి ఇస్త్రీ గదిలో నిలబడి, ఎవరూ చెయ్యమనని ఇస్త్రీ చేశాను. కిటికీలోంచి దారి కనిపిస్తుంది. మేనా గొడుగు లేకుండా పైకెళ్ళడం చూశాను. మూడింటికి వాన మొదలైంది, ఇదే వాన. నాలుగైంది. రాదనుకుని దిగిపోతుందిలే అనుకున్నాను. అయిదైంది. ఆరు దాటాక దిగింది. జుట్టు మొహానికి అంటుకుపోయింది, చెప్పులు చేత్తో పట్టుకుంది. నేను తెర వెనక్కి తప్పుకున్నాను. అప్పటికి నేను చేసినవి నలభై రెండు దిండు గలీబులు, ఒక్క ముడత లేదు.

ఇదీ కథ.

~

భోజనం తరువాత.

సంచిలో చెయ్యి పెడితే నేప్కిన్ మామూలుగా లేదు. బయటికి తీశాను. రెండు చెవులు.

లోపల కాగితం ముక్క. చేతిరాత ఇంకా ఎడమకే ఒరుగుతోంది.

"ఆదివారం రెండు గంటలకి. రాయి దాకా ఇప్పుడు ఎక్కలేను, తుంటి పోయింది. లిఫ్ట్ దగ్గర ఉంటాను."

ఫెరెన్స్ వచ్చి, సూపు చల్లారిపోతోందండీ, బాగాలేదా అన్నాడు. బాగుందన్నాను. ఏం సూపో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

రేపు పదింటికి గది ఖాళీ చెయ్యాలి. బస్సు పదకొండూ ఇరవైకి. రైలు దొరక్కపోతే రూపెర్ట్ స్టేషన్లో ఎదురుచూస్తూ కూర్చుంటాడు. వెళ్ళడానికి వీల్లేదు. చెప్పులు వేసుకుని వచ్చేసేంత చిన్న విషయమా ఇది. ఏమని మాట్లాడతాను. నలభై ఏళ్ళ తరువాత మోకాళ్ళు ఎలా ఉన్నాయి అని అడగనా.

వెళ్ళను.


అక్టోబర్ 14, ఆదివారం

11.10. బస్ స్టాపు. వాన వెలిసింది. రాయి ఇక్కడి నుంచి కనిపించదు కాని వాగు చప్పుడు వినిపిస్తోంది.

11.25. బస్సు వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు. డ్రైవరు రెండుసార్లు అడిగాడు.

~

రైల్లో.

అన్నీ మర్చిపోకముందే రాయాలి.

పదకొండున్నర నుంచి రెండు దాకా హోటల్ కొలను దగ్గర బెంచీ మీద కూర్చున్నాను, పెట్టె పక్కన పెట్టుకుని. క్యాబేజీ మడి దగ్గర. పాదాలు తడిస్తే రిసెప్షన్ అమ్మాయి హోటల్ తెల్ల చెప్పులు ఇచ్చింది, గది ఖాళీ చేసినా మీరు మా అతిథేనండీ అని. రెండింటికి అయిదు నిమిషాల ముందే లిఫ్ట్ దగ్గరికి వెళ్ళాను. మేనా అప్పటికే నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో. గొలుసు లేదు. ఇంట్లో వేసుకునే పాత ఉన్ని స్వెట్టరు, మోచేతి దగ్గర చిరుగు కుట్టి ఉంది, కుట్టు ఎప్పట్లాగే వంకర.

లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. ముందు మీరు రండి అన్నాను. లేదండీ మీరే అంది. ఇద్దరం ఒకేసారి దూరబోయి ఇరుక్కున్నాం.

"ఎన్నో అంతస్తండీ?" అని అడిగింది, నొక్కేది తనే అయినా.

"అయిదోదండీ" అన్నాను.

ఇద్దరం తలుపు మీద అంకెలు చూస్తూ నిలబడ్డాం, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లల్లాగా. ఒకటి. రెండు. మూడో అంతస్తు దగ్గర మేనా ఊపిరి పైకి పీల్చడం వినిపించింది. నాలుగు. ముందు తను అంటుందా, నేను అనాలా. వెయ్యి ఎక్కడ దాటుతుందో గోడ మీద రాసి ఉంటే బాగుండేది.

అయిదు. తలుపు తెరుచుకుంది. ఇత్తడి పలక ఎదురుగా ఉంది. మేనా నోరు తెరిచింది. ఈసారి తనని ముందు అననివ్వకూడదని ఎందుకనిపించిందో తెలియదు.

"ఒసేయ్ మేనా" అన్నాను. "చూశానే. ఆ రోజు ఇస్త్రీ గది కిటికీలోంచి నిన్ను చూస్తూనే ఉన్నాను. ఎక్కడం చూశాను, దిగడం చూశాను. రాలేదు."

నలభై ఏళ్ళలో ఆ మాట పైకి అన్నది ఇదే మొదటిసారి. మేనా కర్ర మీద ఒరిగి నన్ను చూసింది.

"తెలుసే" అంది. "దిగేటప్పుడు తెర కదిలింది."

అంతకాలం దాచానని నేననుకుంటున్నది, దాచనే లేదు. తనకి మొదటి నుంచీ తెలుసు. బొజ్జాయన కుర్చీలో కూలబడ్డాను. అదృష్టం, ఆయన అందులో లేడు. ఏడుపు వచ్చింది, చిన్నపిల్ల ఏడ్చినట్టు, ముక్కు కారుతూ. మేనా స్వెట్టరు జేబులోంచి నేప్కిన్ తీసి ఇచ్చింది. చెవులు విప్పి మొహం తుడుచుకున్నాను.

తరువాత చాలా మాట్లాడుకున్నాం, అన్నీ రాయలేను. బుధవారం రాత్రే ఫెరెన్స్ ఆ చెవులు తీసుకెళ్ళి, కిటికీ బల్ల ఆవిడ ఇదేదో చేశారు, ఏం కావాలంటున్నారో అర్థం కాలేదు అని అడిగాడట. మేనా వంటింట్లో చేస్తున్న పని వదిలేసి స్టూలు మీద కూర్చుండిపోయిందట. మరి గురువారం మీరు అన్నావేమిటే అంటే, "నువ్వే ముందంటావని చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. చాలా బాగుందండీ అన్నావు. ఆ కర్ర పెట్టి కొడదామనుకున్నాను" అంది.

కడుపుతో ఉండి అంతసేపు వానలో ఎందుకు నిలబడ్డావని అడిగాను. దిగితే మళ్ళీ మీరు అనాలి కదా అంది. ఆ కడుపు నిలవలేదట. వాన వల్ల కాదు, తరువాత నవంబరులో, డాక్టరు కూడా చెప్పాడు, నీ మీద వేసుకోకు అంది. నేను వేసుకుంటాను. ఎలా వేసుకోకుండా ఉంటాను.

చెంచాల సంగతి తనే ఎత్తింది. వంటింట్లో నువ్వు నా వైపు చూసినప్పుడు చెంచాలు చూశాను, అదొక్కటి నేను తప్పు చేశాను, ఇరవై రెండేళ్ళదాన్ని, భయపడ్డాను అంది. నాకు ఆ మాట వినాలని ఎంత ఉండేదో. నా దగ్గర ఉన్న తప్పు దాని కంటే పెద్దది. చెయ్యి పట్టుకున్నాను. ఆవిడా పట్టుకుంది. ఎవరి చెయ్యి ఎక్కువ ముడతలు పడిందో చూసుకున్నాం. నాదే. లాండ్రీ నీళ్ళు.

ఆల్బిన్ చివర్లో చాలా నొప్పి పడ్డాడట. ఒకసారి మందు మత్తులో, బుట్ట నేను మోస్తానులే, బుర్గీని పిలువు అన్నాడట.

నాలుగింటికి బస్సు ఉందని తనే గుర్తుచేసింది. లిఫ్ట్ ఎక్కాం. అంకెలు దిగుతున్నాయి. కింద మళ్ళీ తొమ్మిదివందల ఎనభై ఏడు అని ఇద్దరికీ తెలుసు. తలుపు తెరిచేసరికి రిసెప్షన్ నిండా జనం. కొత్త అతిథులు, వాళ్ళ పెట్టెలు, కుక్కలు. లోరెన్స్, ఫెరెన్స్, గోడ మీద పెద్దమ్మగారి ఫోటో. నేను మేనా పరువు కోసమే, తల వంచి, సెలవండీ, ఆతిథ్యానికి కృతజ్ఞతలు అన్నాను. పెట్టె పట్టుకుని గుమ్మం వైపు నడిచాను.

"ఒసేయ్ బుర్గీ," అంది మేనా వెనక నుంచి. వంటింట్లోకి కేకేసినంత గట్టిగా. "ఆ చెప్పులు హోటల్‌వే. విప్పి పోవే."

లోరెన్స్ చేతిలో తాళాలు కింద పడ్డాయి. వాళ్ళమ్మ నోట ఆ మాట పుట్టి బుద్ధెరిగి విని ఉండడు. నేను కాళ్ళ వైపు చూసుకున్నాను. నిజమే, తెల్ల చెప్పులు. నా బూట్లు బెంచీ కింద.

"ఇవ్వనే" అన్నాను.

అవే తొడుక్కుని బస్సెక్కాను. అవే తొడుక్కుని ఈ రైల్లో కూర్చున్నాను. ఎదురు సీటాయన చూసీచూడనట్టు చూస్తున్నాడు. బూట్లు అక్కడే ఉన్నాయి. ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళి తెచ్చుకోవాలి.


అక్టోబర్ 15, సోమవారం

రూపెర్ట్ నిన్న స్టేషన్లో మూడు గంటలు కూర్చున్నాడు. నా కాళ్ళు చూసి, తిండి ఎలా ఉంది అన్నాడు.

బాగుంది, నీకు మేనా గురించి ఎప్పుడైనా చెప్పానా అన్నాను.

లేదన్నాడు. పొద్దున్న టిఫిన్ దగ్గర మొదలుపెట్టాను. ఇప్పుడు పన్నెండైంది, ఇంకా మేక సంచి దగ్గరే ఉన్నాం.